నాకు తెలిసినవి

నెలకో ఆదివారం మావాళ్ళు ఉపవాసముండి
ఒక్కొక్కరే లేచి మైకు దగ్గరికి నడుస్తారు.
"నాకు తెలుసు" అంటారు.
దేవుడు వింటాడని నాకు తెలుసు, ఈ సంఘం సత్యమని నాకు తెలుసు.
టవీటా సమోవన్‌లో అంటాడు, ఆ గొంతుకి మైకెందుకో.
పా న్యియా మోంగ్ భాషలో మొదలుపెట్టి
సగంలోనే ఏడ్చేస్తుంది.
అయిదేళ్ళ పిల్ల కూడా అంటుంది,
వాళ్ళమ్మ చెవిలో ఊదిన మాటకు మాట.
పదకొండేళ్ళుగా నేను లేవలేదు.
చివరి వరసలో, తలుపు పక్కన,
కోటు జేబులో తాళాలగుత్తి పట్టుకుని కూర్చుంటాను.
ఎవరూ అడగరు. అడిగినట్టు చూస్తారు.

నాది శనివారం పని.
జీతగాళ్ళు లేని గుడి మాది.
బిషప్ అంటే వారమంతా ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి,
ప్రసంగం చెప్పేటప్పుడూ గోళ్ళలో గ్రీజు కనిపిస్తుంది.
ఊడ్చే వంతు నాలుగు ఇళ్ళకి వేసి
కాగితం తలుపుకి అంటిస్తాను.
నాలుగింట ఒకటి వస్తే పండగ.

మొన్న జనవరిలో ఒక శనివారం,
యాంకరేజ్‌లో తొమ్మిదైనా తెల్లవారలేదు.
పార్కింగ్‌లో మూస్ దుప్పి ఒకటి
మేం నాటిన మొక్కల్ని తాపీగా నములుతోంది.
హారన్ కొడితే
జాబితాలో నీ పేరుందా అన్నట్టు చూసింది.
ఉంది. నా ఒక్కదాని పేరే, ఎప్పటిలాగే.

మెట్ల మీద న్యాబువోమ్, ఆమె కొడుకు గాట్‌లువాక్.
బస్సు రాలేదట, నడిచొచ్చారు.
కనురెప్పల మీద మంచు.
"నీ వంతు ఈ వారం కాదమ్మా, వచ్చే వారం."
"సరే. వచ్చే వారం కూడా వస్తాను."

మహా పుణ్యాత్మురాలేం కాదు.
వంటగది అలమారలో లిగాయా దాచుకున్న బిస్కెట్లు
రెండు కొడుక్కిచ్చి మూడు తను తింది.
చీపురు పట్టుకునే తీరుకి నన్ను తిట్టింది.
సింకు తోముతూ, నా వైపు చూడకుండా,
శిబిరంలో నీళ్ళ వరసలో ఎన్నేళ్ళు నిలబడిందో చెప్పింది.
వేడినీళ్ళ కుళాయి కింద చెయ్యి పెట్టి
చాలాసేపు తియ్యలేదు.
నేను కట్టెయ్యమనలేదు.

పిల్లాడు వాక్యూమ్‌తో తివాచీ మీద గీతలు గీశాడు,
మేం తొక్కితే ఊరుకోలేదు.
బెంచీల కింద దొరికినవి:
క్రాకర్ పొడి, విరిగిన క్రేయాన్, ఒక చేతికే తొడుగు,
పవిత్ర జలం తాగి పడేసిన చిట్టి కప్పు,
ఒక పన్ను. ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

నాకు తెలిసినవి వేరు.
మగవాళ్ళ వైపు రెండో టాయిలెట్ మీట
ఎంతసేపు నొక్కి పట్టాలో తెలుసు.
ఏ మడతకుర్చీ వేలు కొరుకుతుందో తెలుసు.
ఇల్లు మారేవాళ్ళకి ఎవరి ట్రక్కు వస్తుందో,
పియానో ఎత్తే వేళకి ఎవరికి నడుం పట్టేస్తుందో తెలుసు.
కాన్పయిన ఇంటికి పద్నాలుగు రోజులు వంటలు వెళ్తాయనీ
పదిహేనో రోజు ఆగిపోతాయనీ తెలుసు.
పదిహేనో రోజు ముసలి వాసిలీ
పొగబెట్టిన సాల్మన్ పాత పేపర్లో చుట్టి
తలుపు కొట్టకుండా మెట్టు మీద పెట్టి వస్తాడనీ తెలుసు.
దేవుడి సంగతి
వాళ్ళు చెప్పినంత గట్టిగా నేను చెప్పలేను.

మర్నాడు ఉపవాసపు ఆదివారం.
రొట్టెముక్కల పళ్ళెం నలుగురి చేతులు మారి నా దాకా వచ్చింది.
ముందు పట్టుకున్నది న్యాబువోమ్,
ఆ వేళ్ళకింకా బ్లీచ్ వాసన.
తీసుకున్నాను.

ఎవరో సాక్ష్యం చెప్పి దిగారు. మైకు ఖాళీ.
నేను లేచాను.
వరసలన్నీ తిరిగాయి.
బిషప్ ముందుకి వంగాడు,
పా న్యియా అప్పుడే రుమాలు తీసింది.

వెనక తలుపు సందులోంచి చలిగాలి వస్తోంది, అంతే.
దాన్ని కింద ఒక్క తన్ను తంతే గానీ పడదు.
అది నాకు తెలుసు.