రెప్ప వేయకండి

గడ్డం ఇక్కడ పెట్టండి, నుదురు పట్టీకి ఆనించండి,
పచ్చదీపం కేసి చూడండి, రెప్ప వేయకండి.
షెఫీల్డ్ ఆసుపత్రి మూడో అంతస్తులో, కిటికీ లేని గదిలో
రోజుకి నలభైసార్లు అంటానీ మాట.
నా పని కంటి లోపలి ఫొటో తీయడం.
చూసింది చెప్పడం నా పని కాదు.

మోరీన్ ఆలరెన్‌షాకి డెబ్బై ఒకటి.
పదిహేనో ఏట కార్ఖానాలో చేరి
ముప్ఫై ఏళ్లు చెంచాలకు మెరుగు పెట్టింది.
"గుంటలో నీ మొహం తలకిందులుగా కనబడేదాకా
రుద్దాలమ్మాయ్, అప్పటికి పని అయినట్టు" అంటుంది.
ఇప్పుడు కుడికంట్లో బూజు వేలాడుతోందట,
ఎంత దులిపినా పోదట.

వాపు అన్నారు.
చుక్కలు రాశారు, తర్వాత స్టెరాయిడ్ మాత్రలు.
తగ్గింది. మా అందరికీ అల్లం కేకు చేసి తెచ్చింది.
మళ్లీ వచ్చింది. మళ్లీ మందు. మళ్లీ తగ్గింది.
తొమ్మిది నెలలు.

పగటివేషగాడు ఎవరూ ఎరగని వేషం కట్టడు.
మనం రోజూ పలకరించే మొహంతోనే గుమ్మంలోకొస్తాడు,
ఇచ్చింది పుచ్చుకుని మర్యాదగా వెళ్తాడు,
మళ్లీ రావడానికి.

నవంబరులో ఒక బుధవారం, ఆమె కోటింకా తడిగానే ఉంది,
పాత ఫొటోలూ కొత్తవీ పక్కపక్కన పెట్టాను.
నీలికాంతిలో తీసిన బొమ్మ నిండా చిరుతపులి తోలు.
మార్చిలో ఉన్నచోట లేవు మచ్చలు,
జూన్‌లో లేనిచోట ఉన్నాయి.
వాపు ఇలా ఇళ్లు మారుతుందా?
నాకేం తెలుసు, నేను ఫొటోలు తీసేదాన్ని.

డాక్టర్ ఫెయిర్‌క్లఫ్ తలుపు కొట్టబోయి
చెయ్యెత్తి, దించి, మళ్లీ ఎత్తి
"ఒక్కసారి చూస్తారా" అన్నాను. అంతే అన్నాను.
ఆయన చాలాసేపు చూశాడు. బల్లమీద టీ చల్లారిపోయింది.

ముందు మందు ఆపేశారు.
మందు పడుతున్నన్నాళ్లూ దొరకదట అది,
చచ్చినట్టు పడుకుంటుందట.
మూడు వారాలు ఆమె చూపుని మసకబారనిచ్చి
కంటిలోని జిగురు గోరంత తీసి పంపారు.
లింఫోమా.
మెదడు స్కానుకి తేదీ ఇచ్చారు.

మళ్లీ ఫొటోకి వచ్చినప్పుడు మోరీన్ ఎవర్నీ తిట్టలేదు.
"ప్రతి చెంచా వెలుగులో తిప్పి చూసే పెట్టెలో వేసేదాన్ని,
అయినా గీతపడ్డదొకటి వెళ్లిపోయేది" అంది.
నాకది ఓదార్పో ఎత్తిపొడుపో తెలియలేదు.
"కనిపెట్టింది నువ్వేనటగా" అంది.
నేనేం మాట్లాడలేదు.
మార్చి ఫొటో తీసిందీ నేనే.

గడ్డం ఇక్కడ పెట్టండి, అన్నాను.
పచ్చదీపం కేసి.
రెప్ప వేయకండి.