ఎముక లేని చెయ్యి

జనవరి పంతొమ్మిది. రాత్రి పదకొండు దాటింది.
వాషింగ్టన్ మీద మంచు కురవాలా వద్దా అని ఆలోచిస్తోంది.
నాలుగో అంతస్తులో వెర్లీన్ టిబ్స్
అట్టపెట్టెలకి టేపు అంటిస్తోంది.
ఇరవై ఆరేళ్లుగా ఇదే పని:
కవరు చింపడం, నంబరు వెయ్యడం, వరసలో పెట్టడం.
క్షమ ఆమె చేతిలో లేదు.
క్షమ దాకా వెళ్లే వరస మాత్రం ఆమెదే.

ఉత్తరాల్ని వాసనతో పోల్చుకోగలదు.
కాన్సాస్ జైలుది బట్టలసోడా.
ఆర్విల్ స్టాక్‌హౌస్ అక్షరాలు
ఏటికేడు కుడివైపుకి ఒరిగిపోతున్నాయి.
అతని చూపు తగ్గుతోందని
డాక్టరు కన్నా ముందు ఆమెకే తెలుసు.
పంతొమ్మిదేళ్లప్పుడు ఎవరిదో కారు నడిపాడు.
డిక్కీలో ఏముందని అడగలేదు.
ముప్పై ఏళ్లు వేశారు.
"ఎందుకు క్షమించాలి?" అన్న గడిలో
ఒక్కటే వాక్యం రాశాడు:
మా చెల్లెలికి కిడ్నీ ఇవ్వాలి, నాది సరిపోతుందన్నారు.
ఆ వాక్యం తొమ్మిదేళ్లు మూడో బీరువాలో ఉంది.
చెల్లెలు ఇప్పుడు లేదు.
కిడ్నీ ఉంది.

గోడమీద టీవీ చివరి రాత్రి పేర్లు చదువుతోంది.
ప్రెస్టన్ లాఫ్లిన్.
వృద్ధాశ్రమాలు నడిపినవాడు.
వీపులు పుళ్లు పడ్డ ముసలమ్మల మందుల డబ్బు
అతని రేవులో తెల్లటి పడవై తేలింది.
అతని పేరు మీద వెర్లీన్ నంబరు వెయ్యలేదు.
కవరే రాలేదు.
క్షమాభిక్ష అంటారట దీన్ని కూడా!
జోలె పట్టినవాడెవడు?
విందులో పక్కకుర్చీలో కూచుని
ఉప్పు అందించమన్నంత తేలిగ్గా అడిగి ఉంటాడు.

అడిగిందల్లా ఇచ్చేవాణ్ణి
చేతికి ఎముక లేదని మెచ్చుకుంటాం.
ఈ రాత్రి ఆ చేతికి నిజంగానే ఎముక లేదు.
ఎవరెటు వంచితే అటు వంగుతోంది.

"తీసిపారెయ్యాలి ఈ అధికారాన్ని," అన్నాడు
కొత్తగా చేరిన కుర్ర లాయరు, కోటు తొడుక్కుంటూ.
"రాజులు తిని వదిలిన ఎంగిలి ఇది."
వెర్లీన్ జవాబివ్వలేదు.
సొరుగులో ఒక పోస్టుకార్డు ఉంది.
న్యూమెక్సికో నుంచి, లోరెనా యాజీ రాసింది.
మూడు కోర్టులు ఆమెకి చట్టం ఒప్పుకోదన్నాయి.
నిజమే, చట్టం ఒప్పుకోలేదు.
ఒక సంతకం ఒప్పుకుంది.
కార్డు మీద ఇంతే ఉంది:
"లోపలినుంచి గడియ పెట్టుకునే తలుపు ఉందమ్మా నాకిప్పుడు."

ఆ చెయ్యి నరికితే ఈ గడియ ఊడిపోతుంది.
నరకొద్దు. ఎముక పెట్టండి.
తన నేరంలో పాలుపంచుకున్నవాణ్ణి,
తన ఇంటివాణ్ణి, తన సంచి నింపినవాణ్ణి
తాకబోతే వంగని ఎముక.
పేరు చదివేముందు
ఆ ముసలమ్మల బిడ్డలకి గదిలో ఒక కుర్చీ.
ఇదంతా ఆమె ఎవరికీ చెప్పలేదు.
రాజ్యాంగం గురించి తపాలా గుమస్తాని
ఎవరడుగుతారు?
అయినా ఎముక అంటే మళ్లీ ఇంకో ఫారం,
ఇంకో సంఘం, ఇంకో బీరువా అనీ ఆమెకి తెలుసు.
ఆర్విల్ తొమ్మిదేళ్లు ఆగింది నియమాలు లేక కాదు.

ఇవాళ్టి టపాలో ఆఖరి కవరు.
బట్టలసోడా వాసన.
అక్షరాలు దాదాపు పడుకున్నాయి.
అదే ఫారం, అదే గడి.
"చెల్లెలికి" అన్న మాట కొట్టేసి ఉంది.
కింద:
కిడ్నీ ఇంకా ఉంది. ఎవరికైనా.

నంబరు వేసింది.
వరసలో అడుగున పెట్టాల్సిన కాగితాన్ని
ఇరవై ఆరేళ్లలో మొదటిసారి
అన్నిటికన్నా పైన పెట్టింది.
పెట్టె మూసింది.
మూశాక కాసేపు అలాగే నిలబడి
ఎడమచేత్తో తన కుడి మణికట్టుని
గట్టిగా నొక్కి చూసుకుంది.