ఒక ళ ఎక్కువ

డండీలో మా ఆఫీసు తలుపు మీద
అంతర్జాతీయ విద్యార్థి అనుభవం అని రాసుంటుంది.
ఇంగ్లీషులోనే లెండి,
తెలుగులోకి తిప్పుకుని నేనే నవ్వుకుంటాను.
మా మేనత్త కోపమొస్తే
"అనుభవిస్తావే, అనుభవిస్తావు" అనేది.
ఇక్కడ దానికో కమిటీ, ఏటా బడ్జెట్టు,
ఐదు బొమ్మ ముఖాల్లో ఒకటి నొక్కమనే సర్వే.

వారానికి పది గంటల పని నాది.
బొంత కోటు ఎక్కడ చవగ్గా దొరుకుతుందో చెప్పాలి.
టే నది మీది గాలికి గొడుగు ఆగదని చెప్పాలి.
సీగల్ పిట్ట చేతిలో చిప్స్ తన్నుకుపోతే
నీ ఒక్కడి మీదే పగ కాదు నాయనా,
ఇక్కడ అందరికీ అంతే, అని చెప్పాలి.

నా కార్డు మీద ఇంటిపేరు ముందు పడింది,
అసలు పేరుకి చోటు చాలక మిషన్ కొరికేసింది.
ఏడాదిగా అందరూ "హాయ్ తల్లా!" అంటారు.
మొదట్లో వెనక్కి తిరిగి చూసేదాన్ని
ఎవరి తల్లి వచ్చిందోనని.

అక్టోబరులో ఐల్సా గెడ్డిస్ వచ్చింది.
డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు నాటకాలు నేర్పేదట.
పట్టాల రోజున వేదిక మీద పేర్లు చదివేది ఆవిడే.
చంకలో పేర్ల కట్ట, చెవి మీద పెన్సిలు.
"రాసినట్టు వద్దు,
మీ ఇంట్లో కేకేసినట్టు చెప్పు" అంది.

ఒలువాషెయున్ వచ్చి రాగం తీసినట్టు మూడుసార్లు చెప్పాడు.
న్గుయెన్ ముక్కుతో మొదలుపెట్టమంది.
కళ్యాణచక్రవర్తి ఫోన్లో, పిజ్జాల సైకిలు మీంచే,
ముక్క ముక్కగా విడదీశాడు
గ్రీన్ లైటు పడేలోపు.

నా దగ్గరికొచ్చి ళ కాడ ఆగిపోయింది.
నాలిక వెనక్కి మడుచు, అన్నాను,
ఎవరూ చూడకుండా అంగిట్లో
బెల్లం ముక్క దాచుకున్నట్టు.
ఆవిడ బెల్లం ఎరగదు, టాఫీ అనుకుంది.
సరే, పనిచేసింది.

"తాళ్ళవలస అంటే ఏమిటి?"
తాటిచెట్లున్న చోటికి ఎవరో, ఎప్పుడో
వలసపోయి ఊరు కట్టుకున్నారు.
"అయితే ఇదంతా మీకు కొత్త కాదన్నమాట"
అని పేరు పక్కన చిన్న చెట్టు గీసుకుంది.

ఇక నీ వంతు, అంది. లాఖ్ అను. మా సరస్సు.
లాక్, అన్నాను. కాదు.
లాహ్. కాదు కాదు, గొంతు వెనకనించి గాలి గీరాలి.
ఎంత వెతికినా దొరక్క, చివరికి
దుఃఖంలో దొరికింది.
దు కీ ఖం కీ మధ్య ఆ రెండు చుక్కలు,
మేం ఎప్పుడూ ఆగని చోటు,
దుక్కం అనేసి దాటిపోయే చోటు.
అక్కడ ఆగాను.
"అదే! అదే!" బల్ల చరిచింది ఐల్సా.
"ఏమిటా మాట?"
మాకూ నీళ్ళ సంగతే, అన్నాను.

నవంబరు. అద్దె గౌను కాళ్ళకడ్డం పడుతోంది.
నా ముందు ఆవిడ ఊపిరి పీల్చుకోవడం
మైకులో వినిపించింది.
"తాళ్ళవళస నీరజాక్షి."

జాగ్రత్త ఎక్కువై
వలసలోని ల కూడా మడతపెట్టేసింది.
హాలంతా మామూలుగా చప్పట్లు కొట్టింది.
వెనక వరసలో కళ్యాణచక్రవర్తి ఒక్కడే
పకాలున నవ్వాడు.
లేని ళ ఒకటి మోసుకుంటూ వేదిక దాటాను.

సోమవారం సర్వే వచ్చింది.
మీ అనుభవం ఎలా ఉంది?
ఐదు ముఖాలూ ఒక్కొక్కటే చూశాను.
ఒక్కటీ నాలిక మడిచి లేదు.