పొట్టేలు పారిపోయిన సాయంత్రం

ముప్ఫై ఏళ్లుగా తొక్కుతున్నాను.
కుట్టుమిషను పెడలు మీద నా కాళ్లు నడిచిన దూరం
లెక్కగడితే, ఈ డకార్ నుంచి మక్కాకు
రెండుసార్లు పోయి రావచ్చు.
కుర్చీ మాత్రం గోడవారనే ఉంది,
కుర్చీలో నేనూ.

కూర్చుని తింటే కొండలైనా తరిగిపోతాయంటారు.
నా దగ్గర కొండ పెరిగింది.
వీధిలో అందరి నడుములూ కొలిచిన టేపు
నా నడుం చుట్టూ తిరిగొచ్చి
చివరి అంకెల దగ్గర తడబడింది.

డాక్టరమ్మ సోఖ్నా కళ్లజోడు మీదుగా చూసి,
"షుగరు. నడువు యోరో, సముద్రం పక్కన నడువు" అంది.
మందుచీటీ మీద అదే రాసి, కింద గీత గీసింది.
సముద్రం ఏ షాపులో దొరుకుతుందని అడగబోయి
ఆమె మొహం చూసి మానుకున్నాను.

శనివారం ఎండ వాలాక కార్నిష్‌కి వెళ్తే
ఊరికి ఊరే అక్కడ ఎగురుతోంది.
ఒకడు లారీ టైరును నడుముకు కట్టుకుని
బాకీపడ్డవాణ్ణి పంచాయితీకి ఈడ్చుకెళ్తున్నట్టు
ఇసుకలో లాగుతున్నాడు.
కుస్తీ కుర్రాళ్లిద్దరు నుదురూ నుదురూ ఆనించి
ఎంతకీ కదలరు, కదలరు,
ఉన్నట్టుండి ఒకడికి ఆకాశం కనిపిస్తుంది.
బ్యాంకు గుమాస్తాలు టైలు జేబుల్లో కుక్కుకుని బస్కీలు.
చేపలమ్మే కుంబా, తలగుడ్డ జారకుండా ఒక చేత్తో అదిమి,
పిల్లలు తిప్పే తాడు మీంచి గెంతుతోంది.
మనవరాలు ఇరవై తొమ్మిది తర్వాత
మళ్లీ ఇరవై అంటోంది.
కుంబా పట్టించుకోలేదు, గెంతుతూనే ఉంది.

నేను నడిచాను. మర్యాదగా,
చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్లికొచ్చిన పెద్దమనిషిలా.

మోకాళ్లలోతు నీళ్లలో పక్కింటి లమీన్
పొట్టేలుకు స్నానం చేయిస్తున్నాడు.
"తాతా, కాస్త తాడు పట్టుకో, సబ్బు కొట్టుకుపోతోంది."
పట్టుకున్నాను.
సూది పట్టే అలవాటు, రెండే వేళ్లతో.

ఆ సంగతి పొట్టేలుకు తెలిసిపోయింది.

ఒళ్లంతా నురగతో అది,
దాని వెనక తాడు,
తాడుకు మూరెడు వెనక నా చెయ్యి.
చెప్పులు పెట్టి గోలు కట్టిన ఫుట్‌బాల్ ఆటలోంచి
(గోలే అన్నారు కొందరు, కాదన్నారు కొందరు),
టైరువాడి తాడు మీంచి,
బస్కీల గుమాస్తాల మధ్యనుంచి, ఒకడు వెల్లకిలా పడ్డాడు,
"మోకాళ్లు ఎత్తు పెద్దాయనా, మోకాళ్లు!" అని
ఎవడో ఉచితంగా పాఠం చెబుతుండగా
పరిగెత్తాను.
మొదట నా పొట్ట నాకంటే ముందుంది.
కాసేపటికి ఇద్దరం సమానమయ్యాం.
ఒక చెప్పు ఎక్కడో రాలిపోయింది.
ఏ మడతలో ఇన్నాళ్లు దాక్కుందో ఆ ఊపిరి,
మండుతూ, ఉప్పగా,
నాదే.

వేరుశెనగలమ్మే ఆవిడ బుట్ట దగ్గర ఆగింది పొట్టేలు.
ఆగి, తినడం మొదలుపెట్టింది.
నేను దాని పక్కనే కూలబడ్డాను.
నవ్వు ఆగదు, ఆయాసం ఆగదు,
ఏది ఏదో ఆవిడకు తెలియక మొహాన నీళ్లు చల్లింది,
తర్వాత శెనగల డబ్బులు అడిగింది.
ఎర్రదారపు ఉండలా సూర్యుడు
బల్ల అంచు దాకా దొర్లి
అటువైపు పడిపోయాడు.

ఆదివారమంతా తొడలు రెండూ
వేరువేరుగా ఫిర్యాదు చేశాయి.
సోమవారం టేపు చుట్టి చూసుకున్నాను.
అక్కడే తడబడింది, వెధవ టేపు.

మళ్లీ శనివారం.
నీళ్లలోంచి లమీన్ కేకేశాడు:
"భయపడకు తాతా, ఇవాళ తాడు రాయికి గట్టిగా కట్టేశా!"

కొత్త చెప్పులు కొన్నాను, మడమ వెనక పట్టీ ఉన్నవి.
ఆ పట్టీ బిగిస్తూ అన్నాను,
"అంత గట్టిగా ఎందుకురా?"