మంచె మీద మూడు గంటలు

నల్గొండ గడియారం సెంటర్ కాడ, రెండో అంతస్తుల,
మా సింధుజ దవడకు సూదిచ్చి
పుచ్చిన పన్ను బాగుచేసింది డాక్టరమ్మ.
బోరునీళ్లు గార పెట్టిన నా పండ్లు చూసి ఏమనలే.
పక్కకు పిలిచి చెప్పింది:
"పన్ను నిమ్మళమైంది. ఇగ పెదవిని చూస్కో.
మత్తు దిగేదాంక దానికి సోయుండదు.
పిల్లకు తమాషనిపిస్తది,
నములుతది, గిల్లుకుంటది, నెత్తురొచ్చినా తెల్వదు.
మూడు గంటలు. తిండి పెట్టకు. నిద్ర పోనియ్యకు."

బస్సుల కిటికీ పక్క కూసోని
రెండేళ్లతోని కింది పెదవి సాగదీసింది.
"నాయినా, ఇది నాది గాదు.
ఎవలిదో రబ్బరు పెదవి అతికిచ్చిన్రు."
నవ్వబోతే మూతి ఒక దిక్కే నవ్వింది.

పోయినేడు మా అన్న కొడుక్కు గిట్లనే
ఇంటికి రాంగనే మురుకులిచ్చినం.
తెల్లారి పెదవి అల్లనేరేడు పండోలె ఉబ్బింది.
సూది చెడగొట్టిందని వదిన ఊరంతా తిట్టింది.
సూది ఏం జేసింది పాపం,
చేనుకు కావలి లేకపాయె.

జొన్న పాలు పోసుకునే దినాల
మంచె ఎక్కి వడిసెల తిప్పినోణ్ణి నేను.
చిలకలకు జొన్న మీద పగేం లేదు,
కావలి లేదని తెలిస్తే దిగుతయ్.
పండ్లు గూడ అంతే.
నొప్పి అనే కావలోడు
ఇయ్యాల తాగి పండుకున్నడు.
వాని మంచె మీద నేనెక్కిన.

కనగల్ల పల్లీలామె బస్సెక్కింది.
మొఖం తిప్పుకున్న.
గుర్రంపోడు కాడ పంటి కిందికి పెదవి జారుతుంటే
"బిడ్డా, అగో నెమలి!" అన్న.
నెమలి లేదు.
రాయికి బదులు అబద్ధం విసిరిన.
కండ్లు మూతపడుతుంటే పొడుపు కథలు.
నాకొచ్చినయి నాలుగే,
ఐదోది అప్పటికప్పుడు అల్లిన,
దానికి విడుపు నాకూ తెల్వదు.

కొండమల్లేపల్లి దాటంగ
"నాయినా, చీమలు పాకుతున్నయ్."
"ఏడ?"
"పెదవిల."
జరసేపటికి
"నొస్తుంది" అని బోరుమన్నది.
బిడ్డ ఏడుస్తుంటే సంబురపడ్డ తండ్రిని
ఆ బస్సుల నేనొక్కణ్ణే.
కండక్టరు అదో తీరుగ చూసిండు.

దేవరకొండల దిగినం.
కండ్లు తుడుచుకుంట నా దిక్కు చూసి
"నాయినా, నీ పెదవికి నెత్తురు" అన్నది.

నాకెవలూ సూది ఇయ్యలే.