రవ్వంత ఇటు

చిత్తూరు బెల్లం మండీల వీధిలో ఆఖరి గోడౌను.
పొడవు ఎనభై అడుగులు, వెడల్పు నలభై.
బెల్లం పోయి పన్నెండేళ్లయినా
చీమలకింకా ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ ఖాళీ నడుమ
చెంగల్రాయులు నిలబెట్టిన రెండు స్పీకర్లు,
గోడలు లేని రెండు తలుపులు.
పెట్టె లేదు, గంప లాంటి కోను లేదు.
చిల్లుల రేకులు రెండు, వాటి మధ్య
ఉల్లిపొర కన్నా పలచని ప్లాస్టిక్ పొర,
దాని మీద వేల వోల్టులు.
"ముట్టుకోవద్దు, ఊదొద్దు, తుమ్మొద్దు" అన్నాడు
టేపు కొస నా చేతికిస్తూ.

నేను టీవీలు బాగుచేసేవాణ్ని.
నాకు తెలిసిన స్పీకరు గోడకానుకుని కూర్చుంటుంది,
బంతిలో ముసలాయన లాగా.
ఇది అట్లా కాదట.
ముందుకెంత మోగుతుందో వెనక్కీ అంతే.
మనకొక మాట, గోడకదే మాట తలకిందులుగా.
గోడ మరీ దగ్గరైతే
ఆ మాట తిరిగొచ్చి ఈ మాటను మింగేస్తుంది,
డోలు కాస్తా అప్పడమవుతుంది.

"వీపెనక చోటియ్యాలబ్బా దానికి.
ఎనిమిదడుగులు, కుదిరితే పది.
చిన్న ఇండ్లల్లో యాడ కుదురుతుంది?
అందుకే గదా గోడౌను కొనింది."

పొద్దున్నుంచీ జరుపుతున్నాం.
సుద్దతో గీత, గీత మీద గీత,
పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడి పోయినట్టు నేలంతా.
రవ్వంత ఇటు.
రవ్వంత లోపలికి తిప్పు.
ఎక్కువైంది.
వేలెడు. కాదు, వేలి గోరంత.

పరీక్షకు ఆయన పెట్టేదీ పాటే,
కాకపోతే వేలంపాట.
ఎనభై ఆరులో ఇదే గోడౌనులో తనే పట్టిన స్పూలు.
పొన్నుసామి గొంతు, ఒకటోసారి, రెండోసారి,
కాటా గొలుసు గలగల, ఎవరిదో దగ్గు,
అచ్చులు బస్తాలో పడే మెత్తని చప్పుడు.
స్పీకర్లు తప్పుచోట ఉంటే
పొన్నుసామి నోరు పదడుగుల వెడల్పు,
అరిచింది ఒకచోట, ఉమ్మింది ఇంకోచోట.
"ఆ మనిషి నిలబడేది రెండో స్తంభం కాడ.
ఆడ నిలబడే దాకా జరపాల్సిందే."

ఈ గొడవకంతా పక్కగా
వళ్లెమ్మ చాప పరుచుకుని చింతపండు గింజ తీస్తోంది,
సరిగ్గా రేకు అంచుకు ఎదురుగా.
ముందు మోతా వెనక మోతా ఒకదాన్నొకటి కొట్టేసుకుని
అక్కడ చప్పుడే ఉండదట. ఆయనే చెప్పాడు.
ఆమెకెవరు చెప్పారో మరి.
మేం జరిపిన ప్రతిసారీ లేచి, చాప చుట్టి,
నాలుగడుగులు నడిచి, ఒకసారి తల వంచి,
మళ్లీ కూర్చుంటుంది.
టేపు లేదు, సుద్ద లేదు.
మేం వినే చోటు వెతుకుతుంటే
ఆమె వినపడని చోటు వెతుక్కుంటోంది,
మాకన్నా ముందే దొరుకుతోంది ఆమెకు.

నాలుగు గంటలప్పుడు
తొమ్మిదడుగుల రెండంగుళాల దగ్గర
పొన్నుసామి చిక్కి, మనిషంత అయి,
రెండో స్తంభం కాడికొచ్చి నిలబడ్డాడు.
స్పీకర్లు ఎక్కడున్నాయో మరిచిపోయాను.
చాలన్నా అనబోయాను.
"రవ్వంత" అన్నాడు.
నా చెయ్యి జారి బెత్తెడు తిరిగింది.

ఈసారి వళ్లెమ్మ లేవలేదు,
రవ్వంతే కదా అనుకుందేమో.
చప్పుడు అంచు దాటి చాప మీదికి పాకింది.
కాటా దగ్గర ఎవరో "నలభై ఒకటి" అన్నారు.
గింజ తీసే చెయ్యి ఆగింది.
"తప్పు" అంది, తలెత్తకుండానే.

స్పూల్లో అప్పుడు, దూరంగా తలుపు పక్క నుంచి,
ఒక పడుచు గొంతు:
"తూకం తప్పు సామీ, మళ్లా పెట్టండి."

చెంగల్రాయులు వెయ్యిసార్లు విన్న స్పూలు అది.
మెల్లగా ఆమె వైపు తిరిగాడు.
"నువ్వా?"
"బస్తాలు కుడతా ఉంటి గదా ఆడ.
మళ్లా పెట్టనే లేదు వాళ్లు."

ఆయన సుద్దముక్క జేబులో వేసుకుని
స్పూలు వెనక్కి తిప్పాడు.
ఆమె చాప చుట్టుకుంది.