ఆరోపించబడిన

ఒంగోలు ఫ్యామిలీ కోర్టులో
పదకొండేళ్లుగా నా పని
విన్నదాన్ని వేళ్లలోంచి జార్చడం.
మేడంగారు చెబుతారు, నేను కొడతాను.
కీబోర్డు మీద అన్నిటికంటే అరిగింది
"ఆ" అక్షరం.
ఆరోపణ, ఆరోపిస్తున్న, ఆరోపించబడిన.

వెంగమాంబ బోనెక్కిన రోజు కరెంటు లేదు.
ఫ్యాను ఆగిన గదిలో
తన గొంతు మరీ పైకి వినబడేసరికి
తనే జంకి తగ్గించుకుంది.
"చీమకుర్తిలో కాపరం సార్.
ఆయన రాళ్ల పాలిషింగులో మేస్త్రీ.
గెడ పడిన చప్పుడుకే
పాప మంచం కిందికి పోతది సార్."
ఎదురుగా ఉన్నది ఆడమనిషైనా సార్ అనే అంది.
నేను కొట్టాను:
గెడ వేసినట్లు ఆరోపించబడిన తలుపు.
మేడంగారు దిద్దించారు.
తలుపు మీద వివాదం లేదు.

అవతలి వకీలు చెడ్డవాడేం కాదు, ఇద్దరు బిడ్డల తండ్రి.
"కస్టడీ అనేసరికి అందరూ చెప్పేదే కదండీ ఇది"
కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నాడు.
ఆమె చెవి పైన నాలుగు కుట్లు.
ఆసుపత్రి చీటీలో "బాత్రూములో జారిపడి" అని ఉంది.
చీటీ రాసేటప్పుడు
పక్కన ఎవరు నిలబడ్డారో
చీటీలో ఉండదు.

ఆదివారాలు తండ్రికిచ్చారు.
పదింటి నుంచి ఐదింటి దాకా.
ఆ పేజీ కొట్టింది నేనే.

రెండు నెలలకు పాప వచ్చి
సాక్షుల బెంచీ మీద కూర్చుని
చెప్పు బకిలు పెట్టుకుంటా తీసుకుంటా ఉండిపోయింది.
మేడంగారు చాంబర్లోకి పిలిచి
బిస్కెట్ల పొట్లం విప్పి
ఏమీ అడగలేదు.
చాలాసేపు అడగలేదు.
నన్ను చేతులు ఒళ్లో పెట్టుకోమన్నారు.
పాప సగం కొరికి
మిగతా సగం గౌను జేబులో దాచుకుని
"ఆదివారం నాయన అన్నం పెట్టడు.
తప్పంతా అమ్మదే అంటే పెడతాడంట" అంది.

సోమవారం, ఆదివారాలు రద్దు.

మాలకొండయ్య గురువారం వచ్చాడు, ఇస్త్రీ చొక్కాలో.
క్యారేజీ సంచిలో పైన పెరుగన్నం, కింద
పిడికెడు చీమకుర్తి రాయి.
నల్లటి ఒంట్లో చుక్కలు మెరిసే రకం,
ఊరూరా బ్యాంకుల్లో జనం తొక్కే రకం.
మూడు వైపులా తనే నునుపు చేశాడు.
నాలుగో వైపు తగిలింది.

ఆ రోజు కేసుల జాబితా ఇంక చదవడానికి పనికిరాలేదు.
నుదుటి మీద ఏడు కుట్లు.
సాక్షులకు కొదవా? డవాలీ బంట్రోతు, వకీళ్లు,
వాయిదాకొచ్చిన కందుకూరు దంపతులు
(ఆ ఒక్క నిమిషం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు),
నేను.
సాయంత్రానికి తీర్మానం, నల్ల బ్యాడ్జీలు.
మర్నాటికి గేటు దగ్గర తనిఖీ యంత్రం.
"మృగమండీ" అన్నాడు కళ్లద్దాల వకీలు,
వకాల్తా వదులుకుంటూ.
ఆరోపించబడిన రాయి అని
ఒక్కరూ అనలేదు.

ఆసుపత్రి మెట్ల దగ్గర వెంగమాంబ కనబడింది.
పోలీసులు పైకి పోనివ్వలేదంట.
"మీరందరూ చూశారు గదా?" అంది.
చూశామన్నాను.
"సరే అయితే" అంది.
ఆ సరేని ఎలా కొట్టాలో
నాకిప్పటికీ తెలీదు.

తొమ్మిదో రోజు మేడంగారు బెంచి ఎక్కారు.
వేరే కేసు, వేరే భార్య.
అవతల కూర్చున్నతను ఎలాంటివాడో
మాకింకా తెలీదు.
ఆ మాట దగ్గరికొచ్చి ఆగారు.
తెర మీద గీత ఆరుతూ వెలుగుతూ ఉంది.
చెయ్యి కట్టు దాకా పోయి దిగింది.
"ఆ మాట ఉంచండి. తియ్యడానికి నాకు హక్కు లేదు.
కానీ ఆమె చెప్పింది చెప్పినట్టు కొట్టండి.
కుదించొద్దు."

మధ్యాహ్నానికి పదహారు పేజీలు.
కాగితాలు చాలక రికార్డు గదికి పోతే
వెంగమాంబ పాత కట్ట చేతికి తగిలింది.
ఆదివారాల పేజీ, అడుగున ఎడమ మూల,
"టైపు చేసినది" అని
నా పొడి అక్షరాలు.
వాటి మీద వివాదం లేదు.